మా ఇంటి నుంచి నేనొస్తాను

దయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. ఇలాంటివి రాసేవాళ్ళందరూ ఈ మాటతోనే మొదలుపెడతారని నాకూ తెలుసు. కానీ నాది మాటవరసకి అనే మాట కాదు. నేను హైస్కూల్లో బయాలజీ చెబుతాను. ఒకసారి మా స్కూల్ స్టోర్ రూమ్‌లోంచి పసిపిల్ల ఏడుపు వినిపిస్తోందని ఆడపిల్లలు గగ్గోలు పెడితే, నిచ్చెన వేయించుకుని అటక ఎక్కి, అక్కడున్న గుడ్లగూబ పిల్లల్ని అందరికీ చూపించాను. అప్పటి నుంచీ పిల్లలు నా వెనక నన్ను గుడ్లగూబ టీచర్ అంటారట. అననీ.

అలాంటిదాన్ని ఇది రాయడానికి కూర్చున్నానంటే, ఇంతకాలం నాలో నేనే దీనికి జవాబు వెతుక్కుని అలిసిపోయాను కాబట్టి. ఎవరినీ నమ్మమని అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది నిడదవోలు. మావారికి రంగుల షాపు ఉంది. మాకు ఒక్కతే అమ్మాయి, లహరి. దానికి ఆరో ఏడు నడుస్తుండగా కాళ్ళు నొప్పులని ఏడవడం మొదలుపెట్టింది. పాలిపోయింది. ఏ దెబ్బా తగలకుండానే ఒంటి మీద నీలంగా మచ్చలు తేలేవి. ఎదిగే పిల్లల కాళ్ళు నొప్పులు పుడతాయిలే అనుకున్నాం. రక్తపరీక్ష చేయిస్తే లుకేమియా అని తేలింది.

రాజమండ్రిలో పిల్లల క్యాన్సర్ చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఈ రకం చాలామంది పిల్లల్లో నయమవుతుందని, కాకపోతే దారి పొడుగని ఆవిడ చెప్పారు. నేను మొదటి మాట పట్టుకున్నాను. రెండో మాటకి అర్థం తర్వాత తెలిసింది.

కీమో అంటే సినిమాల్లో చూపించినట్టు ఆస్పత్రి మంచం మీద జరిగేది అనుకునేదాన్ని. నిజానికి అక్కడ సెలైన్ సీసా, సూది, కొంచెం ఏడుపు, అంతే. అసలు కథ ఇంటికొచ్చాకే మొదలవుతుంది. మందు జబ్బు కణాన్ని, మంచి కణాన్ని వేరుచేసి చూడదు. త్వరత్వరగా పెరిగేవన్నిటినీ కొట్టేస్తుంది. జుట్టు, నోటి లోపలి పొర, పేగులు, తెల్ల కణాలు. ఇది నేను పిల్లలకి చెప్పగలిగిన పాఠమే. కానీ నా కూతురి నోట్లో ఆ పాఠం చూసినప్పుడు నా చదువు నాకు ఎందుకూ పనికి రాలేదు.

వాంతులు. ఎన్నని చెప్పను? మొదట్లో మందు ఎక్కాక అయ్యేవి. తర్వాత మందు ఎక్కకముందే అవడం మొదలైంది. కారు కొవ్వూరు దాటి వంతెన ఎక్కగానే, గోదావరి కనిపించగానే, పిల్ల కడుపు పట్టుకునేది. ఆస్పత్రి ఇంకా అవతలి ఒడ్డునే ఉండేది. ఒంటికి తెలిసిపోతుందండీ అన్నారు డాక్టరమ్మ. అందరూ గోదారిని చూసి దణ్ణం పెట్టుకుంటారు. మేము కవరు తీసి పట్టుకునేవాళ్ళం.

వాసనలు పడేవి కాదు. మావారి బట్టలకి టర్పెంటైన్ వాసన ఉంటుంది. అంతకుముందు నాన్న రాగానే పరిగెత్తుకెళ్ళి మెడకి వేలాడే పిల్ల, ఆయన గేటు దగ్గర ఉండగానే వాంతి చేసుకునేది. ఆయన షాపు నుంచి పెరటి దారిన వచ్చి, నూతి దగ్గర సబ్బుతో రుద్దుకుని స్నానం చేసి, నా చేత వాసన చూపించుకుని అప్పుడు పిల్ల గదిలోకి వెళ్ళేవారు. ఒక్కోరోజు అంత చేసినా లాభం ఉండేది కాదు. గుమ్మంలోంచే వెనక్కి తిరిగి వెళ్ళి పెరట్లో కూర్చునేవారు.

ఇంగువ వాసన పడదని ఇంట్లో పోపు పెట్టడం మానేశాం. పోపు లేని ఇల్లు ఎలా ఉంటుందో చెబితే మీకు నవ్వొస్తుంది. పప్పు ఉడికించి ఉప్పేసుకుని తినేవాళ్ళం. కూరలు కూడా ఉడకేసినవే. ఇంటిల్లిపాదీ పథ్యం చేస్తున్నట్టు ఉండేది.

స్టెరాయిడ్ వేసే రోజుల్లో దీనికి పూర్తిగా ఎదురు. ఆకలి ఆకలి అని గోల. ఇప్పుడే తిని, మూతి కడుక్కోకముందే మళ్ళీ అన్నం అడిగేది. మొహం గుండ్రంగా ఉబ్బిపోయింది. ఎవరి మీదా చెయ్యెత్తని పిల్ల నన్ను కొట్టేది, వెంటనే ఏడ్చేది. స్టెరాయిడ్ ఆపగానే నోట్లో పుళ్ళు. ఉమ్ము మింగడానికి కూడా ఏడుపే. చల్లని పాలు చెంచాతో పోస్తే పక్క నుంచి కార్చేసేది.

జుట్టు ఊడిపోతుందని ముందే తెలుసు కాబట్టి దానికి సిద్ధపడ్డాను అనుకున్నాను. దిండు మీద కుచ్చులు కుచ్చులుగా కనిపించిన రోజు సిద్ధపడలేదని తెలిసింది.

వీటికి తోడు సలహాలు. ఫలానా ఆకు రసం, ఫలానా బాబా విభూతి, గోమూత్రం, గాడిదపాలు. చెప్పేవాళ్ళకి నోటికి అడ్డేముంది? తెల్ల కణాల కౌంట్లు పడిపోయినప్పుడు బయటివాళ్ళు ఎవరూ దగ్గరికి రాకూడదు, పచ్చివి ఏవీ పెట్టకూడదు, గదిలో పువ్వు కూడా ఉండకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. చూసి పోదామని వచ్చేవాళ్ళకి ఇది అర్థమయ్యేది కాదు. దగ్గుతూ వచ్చి పిల్ల బుగ్గలు పుణికేవాళ్ళు. చివరికి గేటుకి లోపల్నుంచి తాళం వెయ్యడం మొదలుపెట్టాను. తాళంచెవి నా నడుం దగ్గరే ఉండేది. మాకు పొగరని వీధిలో పేరొచ్చింది. రానీ అనుకున్నాను. అప్పటికి నాకు మంచిపేరు మొయ్యడానికి కూడా ఓపిక లేదు.

ఆ ఓపిక ఉన్నది మా అత్తగారికి ఒక్కరికే.

ఆవిడకి డెబ్బై దాటాయి. గుండెకి మందులు వాడేవారు. పిల్ల ఆవిడని మామ్మ అంటుంది. వాంతి గుడ్డలన్నీ ఆవిడే ఉతికేవారు. బయటివాళ్ళు రాకూడదని పనమ్మాయిని కూడా మానిపించాం. నేను చేస్తానన్నా ఆవిడ వినేవారు కాదు. నువ్వు పిల్ల దగ్గర ఉండు అనేవారు. డెట్టాల్ నీళ్ళలో నాని ఆవిడ వేళ్ళు తెల్లగా పాలిపోయి ముడతలు పడిపోయేవి. పిల్ల ఏదీ మింగని రోజున ఆవిడ కూడా మింగేవారు కాదు. నేను కేకలేస్తే మజ్జిగ తాగానని అబద్ధం చెప్పేవారు.

ఇప్పుడు పేరంటాల సంగతి చెప్పాలి.

శ్రావణమాసం వచ్చింది. మంగళవారాలు, శుక్రవారాలు మా వీధిలో ఎవరో ఒకరింట్లో పేరంటం ఉంటుంది. కుంకుమభరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి పిలుస్తారు. బొట్టు పెట్టి పిలిచాక వెళ్ళకుండా ఉండకూడదంటారు. ఇంటికి ఒక్కరైనా వెళ్ళాలి. లహరికి పేరంటాలంటే ప్రాణం. నాతో వచ్చి, కాళ్ళకి పసుపు రాయించుకుని, మెడకి గంధం రాయించుకుని, నానబెట్టిన శనగలు గౌను జేబులో పోయించుకుని దారి పొడుగునా తింటూ వచ్చేది. ఎవరు బొట్టు పెట్టి రమ్మన్నా పెద్దదానిలా "వస్తానండీ" అనేది. అది నేను నేర్పిందే.

ఆ ఏడు శనగలే కావాలని రోజూ ఏడిచేది. పచ్చివి పెట్టకూడదు. అందుకని ఇంట్లో శనగల డబ్బా కనిపిస్తే పేచీ పెడుతుందని, ఆ డబ్బానే తీసి మావారి షాపులో పెట్టించాను. ఈ విషయం గుర్తుంచుకోండి.

మా మావగారు పోయినప్పటి నుంచీ అత్తగారిని ఎవరూ పేరంటానికి పిలవలేదు. మా వైపు పద్ధతి అంతే. అయితే ఆవిడ దాన్ని ఎవరూ గుర్తు చెయ్యాల్సిన అవసరం లేకుండా చేసుకున్నారు. ఎవరైనా కుంకుమభరిణెతో గేటు తీస్తున్న చప్పుడు వినగానే, హాల్లో ఏ పని చేస్తున్నా వదిలేసి వెనక గదిలోకి వెళ్ళిపోయేవారు. వచ్చినవాళ్ళకి ఇబ్బంది ఉండకూడదని. మీరు కూర్చోండి, ఏమవుతుంది అని నేను చాలాసార్లు అన్నాను. నవ్వి వెళ్ళిపోయేవారు. కుంకుమభరిణె ముట్టుకోవడం కూడా మానేశారు.

ఒక మంగళవారం. భోజనాలయ్యాక, ఎండ ఇంకా వాకిట్లోనే ఉంది. కౌంట్లు బాగా పడిపోయిన వారం అది. పిల్ల రెండు మూడు రోజులుగా మాట్లాడటం కూడా మానేసి సైగలు చేస్తోంది. నోరు తెరిస్తే పుళ్ళు చిట్లుతున్నాయి. నేను వంటింట్లో సగ్గుబియ్యం జావ వడకడుతున్నాను. పెరట్లో కుళాయి చప్పుడు, గుడ్డల చప్పుడు వినిపిస్తున్నాయి. అత్తగారు అక్కడున్నారు. పిల్ల గదికి ఒకటే తలుపు. అది హాల్లోకే ఉంటుంది.

జావ చల్లార్చి తీసుకెళ్ళాను. పిల్ల దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. నుదుటి మీద కుంకుమ బొట్టు.

తడి ఇంకా ఆరలేదు. గుండ్రంగా, కొంచెం పెద్దదిగా, మధ్యలో వేలిముద్ర తెలిసేలా ఉంది. దాని నుదుటికి నేను ఏమీ పెట్టడం లేదు. పౌడరు కూడా వద్దన్నారు.

నాకు ముందు వచ్చింది భయం కాదు, కోపం. ఎవరో వీధివాళ్ళు తాళం వేసినా దూరి వచ్చారని ఉడికిపోయాను. పరిగెత్తుకెళ్ళి చూస్తే గేటుకి తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి నా నడుం దగ్గరే ఉంది. వీధి తలుపు గడియ పెట్టే ఉంది. పూజ అలమరలో కుంకుమభరిణె మూత బిగించి ఉంది. పెరట్లో అత్తగారి చేతులు మోచేతుల దాకా సబ్బు నురగ.

ఎవరు పెట్టారే అని పిల్లని అడిగాను. అన్ని రోజుల తర్వాత అది తేటగా మాట్లాడింది. ఒక మామ్మగారు వచ్చారంది. శుక్రవారం పేరంటానికి రమ్మన్నారంది.

"నువ్వేమన్నావు?"

"వస్తానండీ అన్నాను."

అత్తగారు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి ఇదంతా విన్నారు. మూతికి గుడ్డ కట్టుకుని మంచం దాకా వచ్చి, బొట్టు చూసి, మెల్లిగా అడిగారు.

"ఏ చేత్తో పెట్టారమ్మా?"

లహరి తన ఎడమ చెయ్యి ఎత్తి చూపించింది.

అత్తగారి మొహంలో ఏం మారిందో నేను చెప్పలేను. మారింది. ఆవిడ పిల్ల తల మీద ఒకసారి చెయ్యి వేసి, హాల్లోకి నడిచి, వీధి తలుపు గడియ తీశారు. గడప దగ్గర నిలబడ్డారు. బయట ఎండలో వీధి ఖాళీగా ఉంది. ఎదురుగా మనిషి ఉన్నట్టే, గొంతు పెంచకుండా, మర్యాదగా చెప్పారు.

"పిల్లకి ఒంట్లో బాగోలేదమ్మా. అది రాలేదు. తెలీక వస్తానంది. మా ఇంటి నుంచి నేనొస్తాను."

అలా చెప్పి తలుపు వేసి, మళ్ళీ పెరట్లోకి వెళ్ళి మిగిలిన గుడ్డలు పిండుకున్నారు.

నాకు విసుగొచ్చింది. ఉన్న బాధలు చాలక ఈవిడకి చాదస్తం ముదురుతోందనుకున్నాను. తడి దూదితో పిల్ల నుదురు తుడిచేశాను. తనే ఎక్కడో కుంకుమ సంపాదించి పెట్టుకుని ఉంటుందని సరిపెట్టుకున్నాను. పిల్ల మంచం దిగి అలమర దాకా నడవగలిగే స్థితిలో లేదని నాకు తెలుసు. అయినా సరిపెట్టుకున్నాను. అలిసిపోయినవాళ్ళకి సరిపెట్టుకోవడం తేలిక.

మర్నాడు పొద్దున్నే జ్వరం. కౌంట్లు లేనప్పుడు జ్వరం వస్తే ఇంట్లో చూస్తూ కూర్చోకూడదు, వెంటనే తీసుకురమ్మని ముందే చెప్పి ఉన్నారు. కారు పిలిచాం. బయల్దేరుతుంటే అత్తగారికి గేటు తాళంచెవి ఇచ్చాను. ఆవిడ కారు కిటికీలోంచి పిల్లని చూసి, నాతో ఒకటే మాట అన్నారు. "నువ్వు భయపడకు అమ్మాయ్. శుక్రవారం దాకా ఓపిక పట్టు." దేనికోసమని నేను అడగలేదు.

వంతెన మీద గోదారి ఎర్రగా, నిండుగా ఉంది. ఆ రోజు పిల్ల వాంతి చేసుకోలేదు. కళ్ళు తెరిచి చూసే ఓపిక కూడా దానికి లేదు. నాకు చేతిలో కవరు ఖాళీగా ఉండటం చూసి ఏడుపొచ్చింది. వాంతి చేసుకుంటే బాగుండునని కోరుకున్న తల్లిని నేనే అయి ఉంటాను.

ఆస్పత్రిలో ఇంజెక్షన్లు మార్చి మార్చి ఇచ్చారు. జ్వరం దిగడం, మళ్ళీ ఎక్కడం. బీపీ పడిపోతోందన్నారు. గురువారం డాక్టరమ్మ మమ్మల్ని బయటికి పిలిచి, రక్తంలోకి ఇన్ఫెక్షన్ వెళ్ళిందని, చెయ్యాల్సినవన్నీ చేస్తున్నామని, ఇప్పుడు తను ఏ మాటా ఇవ్వలేనని చెప్పారు. మావారు గోడకి ఆనుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయారు. ఆయన చొక్కాకి టర్పెంటైన్ వాసన వస్తోంది. ఆ వాసనకి పిల్ల లేచి వాంతి చేసుకుంటే చాలని ఆయనే అన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన నన్ను ఇంటికి పంపించారు. రెండు రోజులుగా కట్టుబట్టలతో ఉన్నాను. లోపల ఒక్కరినే ఉండనిస్తారు. నువ్వు స్నానం చేసి, నాలుగు బట్టలు తీసుకుని, అమ్మ ఏం తింటోందో చూసి వచ్చెయ్యమన్నారు. పొద్దుట ఆయన చేసిన ఫోన్‌కి ఆవిడ పలికారట. పిల్ల ఎలా ఉందని అడిగి, తనకి ఇవాళ పనుందని పెట్టేశారట.

రైలు దిగి ఆటోలో వెళ్ళాను. వీధిలో రెండు ఇళ్ళ ముందు మామిడాకులు, గుమ్మాలకి పసుపు. పేరంటాళ్ళు తాంబూలాల సంచులతో తిరుగుతున్నారు. మా గేటు తాళం తీసి ఉంది. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది.

అత్తగారు హాల్లో, తలుపుకి ఎదురుగా ఉన్న మడతమంచం మీద పడుకుని ఉన్నారు. ఆవిడ ఎప్పుడూ వెనక గదిలో తప్ప పడుకోరు. పట్టుచీర కట్టుకున్నారు. మావగారు పోయాక అది పెట్టెలోంచి బయటికి రావడం నేను చూడలేదు. కలరా ఉండల వాసన వేస్తోంది. నిద్రపోతున్నారనుకుని పిలిచాను. భుజం మీద చెయ్యి వేశాను.

అప్పటికే పోయారు. ఒళ్ళు ఇంకా పూర్తిగా చల్లబడలేదు.

నేను నేల మీద కూలబడ్డాను. అప్పుడు ఆవిడ పాదాలు నా కళ్ళకి ఎదురుగా వచ్చాయి. రెండు పాదాలకీ, చీలమండల దాకా, పసుపు రాసి ఉంది. తడి పసుపు. మడతమంచం నవారుకి కూడా అంటింది. మెడకి గంధం. కొంగు చివర ముడి వేసి, ఆ ముడిని గుప్పిట్లో పట్టుకుని ఉన్నారు.

వేళ్ళు విడదీసి ముడి విప్పాను. రెండు తమలపాకులు, వక్క, గుప్పెడు నానిన శనగలు.

ఒంటి మీద పట్టుచీర ఆవిడే కట్టుకుని ఉంటారు. పసుపూ గంధమూ ఆవిడే రాసుకుని ఉండొచ్చు. వాటికి నేను ఏదో ఒకటి చెప్పగలను. శనగలకి చెప్పలేను. మా ఇంట్లో శనగలు లేవు. ఆ రోజు అన్ని గిన్నెలూ, అన్ని డబ్బాలూ తీసి చూశాను. నానబెట్టిన గిన్నె లేదు, పోసిన నీళ్ళు లేవు, పొట్టు లేదు. తమలపాకులు కూడా మేము తెప్పించి చాలా రోజులైంది. శనగలు రాత్రి నానబెడితే మర్నాటికి ఎంత ఉబ్బుతాయో నాకు తెలుసు. మొలక పాఠానికి ప్రతి ఏడూ పిల్లల ముందు నానబెడతాను. ఇవి సరిగ్గా అంతే ఉబ్బి ఉన్నాయి. తాకితే తడి వేలికి అంటింది.

అలా చేతిలో పెట్టుకుని కూర్చుని ఉండగానే ఫోన్ మోగింది. మావారు. నేను చెప్పేలోపే ఆయనే గబగబా చెప్పేశారు. జ్వరం దిగిందట. బీపీ నిలబడిందట. పిల్ల కళ్ళు తెరిచి నాన్నా అందట, నీ దగ్గర షాపు వాసన వస్తోంది అందట. ఇడ్లీ కావాలని అడిగిందట. చెబుతూ చెబుతూ ఆయన గట్టిగా ఏడ్చేశారు. అమ్మకి చెప్పు, ముందు అమ్మకి చెప్పు అన్నారు.

నేను చెబుతానన్నాను. ఒక్క నిమిషం ఆయన్ని సంతోషంగా ఉండనిచ్చాను. తర్వాత చెప్పాను.

సాయంత్రానికి ఆయన ఇంటికి, నేను ఆస్పత్రికి మారాం. చావు మైల పిల్ల దగ్గరికి తీసుకెళ్ళకూడదని ఎవరో అన్నారు. తలారా స్నానం చేసే వచ్చాను, పక్కకి తప్పుకోండి అన్నాను. లహరి నీరసంగా ఉంది కానీ చూపు తేటగా ఉంది. నేను మొహం కడుక్కుని, మామూలుగా నవ్వుతూనే వెళ్ళాను. పిల్లకి ఎవరూ ఏమీ చెప్పలేదు. మావారు ప్రమాణం చేసి చెప్పారు, తను అక్కడ నోరు విప్పలేదని.

అది నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"మామ్మ పేరంటానికి వెళ్ళిందా?"

నేను తల ఊపాను.

"శనగలు తెచ్చిందా నాకు?"

"తెచ్చిందమ్మా," అన్నాను.

పదకొండో రోజుకి మావారి మేనత్త తుని నుంచి వచ్చారు. మా మావగారి చెల్లెలు ఆవిడ. బొట్టు సంగతి నేను ఆవిడకి చెప్పలేదు. ఊరికే మాటల్లో పెట్టి, మన ఇళ్ళల్లో ఎడమచేతి వాటం ఎవరికైనా ఉందా అని అడిగాను. ఆవిడ చెప్పారు.

"వాటం కాదు గానీ, నూతి చప్టా మీద జారిపడితే మా పెద్దొదిన కుడిచెయ్యి చచ్చుపడిపోయిందమ్మా. పాపం అన్నీ ఎడమచేత్తోనే చేసేది. బొట్టు పెట్టినా అంతే."

పెద్దొదిన అంటే మా అత్తగారికి తోటికోడలు. మా పెళ్ళికి చాలా ఏళ్ళ ముందే పోయారు. నేను ఫొటో కూడా చూడలేదు. ఎడమచేతి బొట్టు అశుభమని వీధిలో కొందరు మొహం తిప్పుకుంటే, మా అత్తగారు ఒక్కరే నుదురు ముందుకి వంచి పెట్టించుకునేవారట. ఒక శ్రావణంలో ఆ పెద్దొదినే ఇల్లిల్లూ తిరిగి శుక్రవారం పేరంటానికి అందరికీ బొట్టు పెట్టి వచ్చి, ఆ శుక్రవారం రాకముందే పోయారట. నానబెట్టిన శనగలు ఆవులకి పెట్టేశారట. ఆ పేరంటం జరగనే లేదు.

డాక్టరమ్మని అడిగాను, ఉన్నట్టుండి ఎలా కోలుకుందని. కౌంట్లు పెరగడం మొదలయ్యే సమయం అదేనని, మార్చిన ఇంజెక్షను పనిచేసిందని చెప్పారు. అది నిజం. నేను నమ్ముతాను. డెబ్బై దాటిన గుండె జబ్బు మనిషి బెంగతో, తిండి లేక పోవడం కూడా వింతేమీ కాదు. అదీ నమ్ముతాను.

వీధిలో పేరంటం చేసుకున్న ఇళ్ళకి వెళ్ళి అడిగాను. ఆ రోజు మా అత్తగారు మీ ఇంటికి వచ్చారా అని. ఒక్కొక్కరూ ఒక్కోలా మొహం పెట్టారు కానీ జవాబు మాత్రం ఒకటే. మూలింటావిడ పాపం మంచిదే, ఉన్నమాట అనేసింది.

"ఆవిడ్ని ఎవరు పిలుస్తారండీ?"

శనగలు నేను పారెయ్యలేదు. ఒక గిన్నెలో వేసి గుడ్డ కప్పి వంటింట్లో పెట్టాను. మళ్ళీ ఇంటికొచ్చేసరికి అన్నిటికీ మొలకలు వచ్చి ఎండిపోయి ఉన్నాయి. అంటే అవి మామూలు శనగలే. నా పాఠం ప్రకారమే మొలిచాయి. ఎక్కడివి అన్నదానికి మాత్రం నా పాఠంలో జవాబు లేదు.

లహరికి ఇప్పుడు మాత్రలతోనే నడుస్తోంది. జుట్టు మళ్ళీ వచ్చింది, ఈసారి రింగులు తిరిగి. స్కూలుకి వెళ్తోంది. ఇంట్లో పోపు పెడుతున్నాం. వంతెన ఎక్కితే ఇప్పటికీ ఒక్కోసారి కడుపు పట్టుకుంటుంది. అది కూడా తగ్గుతుందన్నారు.

మళ్ళీ శ్రావణం వచ్చింది. గేటుకి తాళం వెయ్యడం మానేశాను. ఎవరో ఒకరు కుంకుమభరిణె పట్టుకుని వస్తూనే ఉన్నారు. చప్పుడు వినగానే పిల్ల ఉత్సాహంగా పరిగెత్తి నుదురు ముందుకి చాపుతుంది. నేను ఏ పనిలో ఉన్నా వదిలేసి దాని కన్నా ముందు గుమ్మంలోకి వెళ్తాను. వచ్చినవాళ్ళ మొహం చూడను. ఏ చేత్తో పెడుతున్నారో చూస్తాను. చూశాక, వస్తామండీ అని నేనే చెబుతాను.